విద్యుత్తు కారు – యజమాని జమాఖర్చులు

చిట్కుల్ గ్రామము పటాన్‌చెరు మండలములోనిది. బొంబాయి రాజమార్గమునకు చేరువ. రామచంద్రాపురమున 1960 దశాబ్దిలో భెల్ కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరు దాపున ఇక్రిశాట్ స్థాపితమైనది. ఆ పిదప పారిశ్రామికవాడలు ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. నాడు మెదకు జిల్లాలోనిదైన ఈ సీమ 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరినది. ఇచ్చటి మనుష్యుడు పొలము గట్టున నడచు కాలము పోయి, రహదారిపై తిరుగు కాలము వచ్చినది. తెల్లవారగనే ఒకరు పాశమైలారమునకు, ఒకరు లింగంపల్లికి, మరియొకరు గచ్చిబౌలికి బయలుదేరవలెను. ఇట్టి ఊరిలో "కరెంటు కారు కొన్నచో నిజముగా డబ్బు మిగులునా?" అను ప్రశ్న ప్రొద్దుపుచ్చుటకు అడుగునది కాదు. అయిదేండ్లో ఏడేండ్లో నెలనెలా వాయిదా చెల్లింపవలసినవాడు అడుగు ప్రశ్న అది.

దీనికి అంగడివాడు చెప్పు జవాబు ఒకటి: కిలోమీటరునకు రూపాయిపావలా మాత్రమే ఖర్చు. పొరుగువాడు చెప్పు జవాబు వేరొకటి: బ్యాటరీ పోయినచో కారు పోయినట్లే. ఈ రెండు మాటలును క్రొత్తవి కావు. నూట ఇరువది సంవత్సరముల నుండి ఏ దేశమున విద్యుత్తు బండి కనబడినను ఆ దేశమున ఈ రెండు మాటలును వినబడినవి. రెండును నిజములే. కావున వాద ప్రతివాదములు విడిచి, ఈ బండి చరిత్రలో ఎవరికి ఎప్పుడు సొమ్ము మిగిలినదో, ఎవరికి మిగులలేదో చూచుట మేలు.

1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే సీసముతో పునఃపూరణకు వీలైన బ్యాటరీని నిర్మించెను. నలుబది ఏండ్లలో అది బండినెక్కినది. 1899లో బెల్జియము వాడైన కామిల్ జెనాట్జీ విద్యుత్తు బండిపై గంటకు నూరు కిలోమీటర్ల వేగమును దాటెను. భూమిపై మోటారు బండి ఏదియు అంతకు ముందు ఆ వేగమును అందుకొనలేదు. న్యూయార్కు నగరమున 1897లోనే విద్యుత్తు బాడుగ బండ్లు తిరిగినవి. వానిలోని బ్యాటరీ ఖాళీ కాగానే, బండిని నిలయమునకు తెచ్చి, యంత్రముతో పెట్టెను పైకెత్తి, నిండిన పెట్టెను అమర్చెడివారు. ఇంత నేర్పుగా సాగిన ఆ వ్యాపారము 1907లో దివాలా తీసినది. మోటారు చక్కనిదే, బండి చక్కనిదే. బ్యాటరీ పోషణము మాత్రము ఏనుగును మేపినట్లయినది.

అదే కాలమున ఇంకొక ప్రయోగము జరిగినది. అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణపు విద్యుత్తు కంపెనీ 1910 ప్రాంతమున ఒక ఏర్పాటు చేసినది. కొనువాడు బ్యాటరీ లేని లారీని మాత్రమే కొనును. బ్యాటరీ కంపెనీ సొత్తు. బండి ఎన్ని మైళ్ళు తిరిగిన అన్ని మైళ్ళకు లెక్కగట్టి అద్దె చెల్లించును. బ్యాటరీ చెడినచో ఆ బెంగ కంపెనీది. ఈ పద్ధతి 1924 వరకు నడచినది. 2024 సెప్టెంబరులో మన దేశమున ఎం.జి. కంపెనీ తన విండ్సర్ కారును 9.99 లక్షలకు అమ్మజూపి, బ్యాటరీకి మాత్రము కిలోమీటరునకు మూడున్నర రూపాయల అద్దె అడిగినప్పుడు పత్రికలు దానిని నూతన కల్పనముగా కొనియాడినవి. హార్ట్‌ఫర్డు వర్తకులు జీవించి ఉన్నచో నవ్వుకొనెడివారేమో.

విద్యుత్తు బండిని అమెరికాలో ఓడించినది పెట్రోలు బండి యొక్క గొప్పతనము కాదు, దాని చౌకతనము. ఫోర్డు కంపెనీ టి-మోడలు కారు 1908లో 850 డాలర్లుండగా, 1920 దశాబ్ది నడిమి నాటికి మూడువందల డాలర్ల లోపునకు దిగినది. 1912లో కేడిలాకు కారునకు విద్యుత్తు స్టార్టరు వచ్చి, చేతితో ఇరుసు త్రిప్పు బాధయు తొలగినది. మన హుస్సేన్‌సాగరు గట్టున 1920లో విద్యుత్కేంద్రము వెలుగునాటికి అమెరికాలో విద్యుత్తు కారు ఆరిపోవుచుండెను. (అదే చెరువు గట్టున 2023 ఫిబ్రవరి 11న విద్యుత్తు కార్ల ప్రపంచ పందెము జరిగినది. పందెపు కారు జమాఖర్చులు మనకు ఉపకరింపవు.)

అయినను ఒక చోట విద్యుత్తు బండి ఓడలేదు. ఇంగ్లండులో ఇంటింటికి పాలు పోయు బండ్లు ఇరువదవ శతాబ్దమున దశాబ్దములతరబడి బ్యాటరీ పైననే నడచినవి. కారణము సులభము. ఆ బండికి వేగము అక్కరలేదు. దినదినము అదే వీధి, అంతే దూరము. అడుగడుగున ఆగుట. మధ్యాహ్నమునకు ముందే కొట్టమునకు చేరును, రాత్రి చౌక విద్యుత్తుతో నిండును. దూరము ముందుగా తెలిసి, బండి ప్రతిదినము తప్పక తిరిగి, రాత్రి తన చోటికి తాను చేరునప్పుడు విద్యుత్తు బండి లాభము చూపును. ఈ మూడు షరతులను మనము మరల తలచుకొనవలసి వచ్చును.

జపాను చరిత్ర మన జిల్లాను తాకుచున్నది గనుక కొంచెము నిలిచి చెప్పెదను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఆ దేశమున పెట్రోలు కరవైనది. కర్మాగారములు కూలియుండుటచే జలవిద్యుత్తు మాత్రము మిగులుచుండెను. 1947లో విమానములు చేయు సంస్థలోని కొందరు వెలుపలికి వచ్చి "తామా" అను విద్యుత్తు కారును నిర్మించిరి. దాని వేగము గంటకు 35 కిలోమీటర్లు, ఒకమారు నిండిన బ్యాటరీతో నడచు దూరము 65 కిలోమీటర్లు. బ్యాటరీ పెట్టెలను కారు అడుగునుండి ప్రక్కకు లాగి మార్చుటకు వీలుండెను. టాక్సీల వారు దానిని ఆదరించిరి. 1950లో కొరియా యుద్ధము రాగానే సీసము వెల ఒక్కుమ్మడిగా పెరిగినది, పెట్రోలు దొరకసాగినది. తామా కథ ముగిసినది. ఆ కంపెనీ తరువాత ప్రిన్సు అను పేరు దాల్చి, 1966లో నిస్సాన్‌లో లీనమైనది.

ఈ నిస్సాన్ కంపెనీయే 1980 దశాబ్దిలో మన హైదరాబాదు ఆల్విన్‌తో చేయి కలిపినది. 1942లో పుట్టి, బస్సుల మేనులకు, బీరువాలకు, శీతల యంత్రములకు పేరుగన్న ఆల్విన్, జహీరాబాదులో చిన్న లారీల కర్మాగారము పెట్టినది. 1989లో అది మహీంద్రా వారి చేతికి వచ్చినది. 2023లో మహీంద్రా వారు అదే జహీరాబాదులో విద్యుత్తు మూడుచక్రముల బండ్ల కొరకు వేయికోట్ల రూపాయల పెట్టుబడిని ప్రకటించిరి. చిట్కుల్ నుండి అదే బొంబాయి మార్గమున పడమరకు పోయినచో ఆ ఊరు వచ్చును. తామా కారు వంశవృక్షములో ఒక కొమ్మ మన జిల్లాపై ఇట్లు వాలినది.

భారతదేశమున తొలి ప్రయత్నములు అంత శుభముగా లేవు. 1993లో "లవ్‌బర్డ్" అను రెండు సీట్ల విద్యుత్తు కారు ఢిల్లీ ప్రదర్శనమున కనబడి, కొలదికాలమునకే కనుమరుగైనది. 2001లో బెంగుళూరున రేవా వెలువడినది. ఊరిలో తిరుగుటకు అది యోగ్యమైన బండియే. దానిలోనివి సీసపు బ్యాటరీలు. కొన్ని సంవత్సరములకే వానిని మార్చవలసియుండెను. నెలనెలా పెట్రోలు మీద మిగిలిన చిల్లర అంతయు ఆ ఒక్కనాడు మూటగట్టి చెల్లింపవలసి వచ్చెడిది. పన్నెండేండ్లలో ఇరువదికి పైగా దేశములలో కలిపి అమ్ముడైన రేవాలు అయిదువేలకు లోపే. 2010లో అదియు మహీంద్రా వారి వశమైనది.

పిదప వచ్చిన మార్పునకు మూలము బ్యాటరీయే. ఒక యూనిట్టు విద్యుత్తును దాచుకొనగల లిథియము బ్యాటరీ వెల 2010లో వేయి డాలర్లకు పైగా ఉండెను. 2024 నాటికి ప్రపంచ సగటున 115 డాలర్లకు దిగినది. ఆయువును పెరిగినది. కార్ల కంపెనీలు సామాన్యముగా ఎనిమిదేండ్లకు గాని లక్షా అరువది వేల కిలోమీటర్లకు గాని బ్యాటరీకి పూచీ పడుచున్నవి. రేవా కాలపు భయము నేడు అంతగా అక్కరలేదని దీనివలన చెప్పవచ్చును. కాని భయము తగ్గుట వేరు, లాభము వచ్చుట వేరు.

ఇక లెక్కకు వత్తము. వెలలు కారు కారునకు మారును గనుక ఉదాహరణమునకై అనుకొన్నవి కొన్ని, ఉన్నవి కొన్ని. 2024 మార్చిలో తగ్గిన పిమ్మట హైదరాబాదులో లీటరు పెట్రోలు సుమారు 107 రూపాయలు. (2022 ఏప్రిలులో అది 119 రూపాయలు దాటినది, ఆ నెలలలోనే విద్యుత్తు బండ్ల అంగళ్ళలో జనము పెరుగుట మనమందరమును చూచితిమి.) రద్దీలో లీటరునకు 15 కిలోమీటర్లు నడచు కారునకు కిలోమీటరునకు ఏడు రూపాయల పైచిలుకు పడును. విద్యుత్తు కారు యూనిట్టునకు 7 కిలోమీటర్లు నడచుననుకొందము.

యూనిట్టు వెల ఎంత? ఇచ్చటనే అంగడివాని లెక్క తప్పుదారి పట్టును. ఇంటి కరెంటునకు ఒకే ధర లేదు, మెట్లు కలవు. 2022-23 నాటి ధరల ప్రకారము నూరు దాటి రెండువందల యూనిట్ల లోపు వాడు ఇల్లు మొదటి నూరింటికి 3 రూపాయల 40 పైసలు, తరువాతి నూరింటికి 4 రూపాయల 80 పైసలు కట్టును. రెండువందలు దాటినచో మొదటి యూనిట్టు నుండియే 5 రూపాయల 10 పైసలు. ఆపైన 7 రూపాయల 70 పైసలు. మూడువందలు దాటినచో 9 రూపాయలు. నెలకు 150 యూనిట్లు వాడు ఇంటివాడు కారు కొని 1,250 కిలోమీటర్లు తిరిగినచో 178 యూనిట్లు అదనముగా కాలును. బిల్లులోని కరెంటు రుసుము 580 రూపాయల నుండి 2,042 రూపాయలకు ఎక్కును. అనగా కారు త్రాగిన యూనిట్టు ఒక్కొక్కటి 8 రూపాయల 20 పైసలకు పైబడినది. ఐనను కిలోమీటరునకు ఒక రూపాయి 17 పైసలే. మెట్టు ఎక్కినను పెట్రోలుతో పోలిక లేదు; కిలోమీటరునకు సుమారు ఆరు రూపాయలు మిగులుచున్నవి.

స్కూటరు వారికి మెట్టు ఇంకొక తీరున తగులును. 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకమున తెల్లకార్డు కుటుంబములకు రెండువందల యూనిట్ల వరకు బిల్లు సున్న. నెలకు 180 యూనిట్లు వాడు ఇంట విద్యుత్తు స్కూటరు చేరి ముప్పది యూనిట్లు త్రాగినచో, ఆ ముప్పది యూనిట్లకే గాక మొత్తము 210 యూనిట్లకు, సుమారు 1,100 రూపాయలు కట్టవలసి వచ్చును. ఆ ముప్పది యూనిట్లతో వేయి కిలోమీటర్లు తిరిగినవానికి ఇదియు పెట్రోలు కంటె తక్కువయే. కాని స్కూటరు కొన్ననాడు అతడు వేసికొన్న లెక్క ఇది కాదు.

ఆరు రూపాయల మిగులు చేతికి వచ్చినది. దీనికి ఎదురుగా నిలుచునది కొనుగోలు వెలలోని తేడా. రహదారి పన్ను చేరకముందు పెట్రోలు కారు 12 లక్షలు, విద్యుత్తు కారు 15 లక్షలు అనుకొందము. తేడా మూడు లక్షలు. ఆ మూడు లక్షలు నూటికి తొమ్మిది వడ్డీకి తెచ్చినవే ఐనచో సంవత్సరపు వడ్డీ 27,000 రూపాయలు. నెలకు 375 కిలోమీటర్లు, అనగా ఏడాదికి 4,500 కిలోమీటర్లు తిరుగు ఇంటివానికి ఏడాది మిగులు సరిగా అదే 27,000. వడ్డీకి వడ్డీ సరి. అసలు తీరు దినము రానేరాదు. నెలకు 1,250 కిలోమీటర్లు తిరుగువానికి ఏడాదికి 90,000 మిగులును. కారు ఒకటే, వెల ఒకటే, ఊరు ఒకటే. ఆదివారము మాత్రము కారు తీయువానికి నష్టము, దినమును ఉద్యోగమునకు నడపువానికి లాభము. అరుదుగా వాడు బండిపై పొదుపు చేయుటకు విద్యుత్తు కారు కొనుట, నెలకొకసారి వండు పొయ్యికి ఖరీదైన గొట్టమమర్చుట వంటిది.

ఈ తూకమును మార్చినది ప్రభుత్వము. 2019 ఆగస్టులో విద్యుత్తు బండ్లపై జి.ఎస్.టి. నూటికి 12 నుండి 5కు తగ్గినది. 2019 ఏప్రిలు నుండి 2023 మార్చి వరకు తీసికొన్న అప్పుల వడ్డీలో లక్షన్నర వరకు ఆదాయపు పన్నునుండి మినహాయింపు ఉండెను. తెలంగాణ ప్రభుత్వము 2020 అక్టోబరులో వెలువరించిన విధానమున మొదటి 5,000 సొంత కార్లకు, 2 లక్షల ద్విచక్ర వాహనములకు, 20,000 ఆటోలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషను రుసుము లేవు. ఆ సంఖ్య దాటినవారికి మినహాయింపు లేదు. 2024 నవంబరు 18 నుండి సంఖ్యా పరిమితిని తొలగించి, 2026 డిసెంబరు 31 వరకు గడువిచ్చినది.

ఇది చిన్న సంగతి కాదు. 2022లో పెంచిన లెక్క ప్రకారము పది లక్షలకు పైబడి ఇరువది లక్షల లోపు కారునకు జీవితకాలపు పన్ను నూటికి 17. మన 12 లక్షల పెట్రోలు కారునకు అది 2,04,000 రూపాయలు. మూడు లక్షల తేడా 96,000కు దిగినది. 16,000 కిలోమీటర్లతో అది తీరును. ఉద్యోగికి పదమూడు నెలలు, ఆదివారపు వానికి మూడున్నరేండ్ల పైన. విద్యుత్తు కారు వలన సొమ్ము మిగిలినదని చెప్పువారిలో పెక్కుమందికి మిగిలినది మోటారు మహిమవలన కాదు, వదలివేసిన పన్నువలన. ఆ పన్ను ఖజానాకు చేరలేదు; కారు లేనివాడును ఆ లోటులో భాగస్వామియే.

ప్రభుత్వపు చేయి రెండు ప్రక్కలను ఆడును. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై పన్ను 28తోపాటు సెస్సుగా ఉన్నది నూటికి 18 ఐనది. 12 లక్షల కారు సుమారు 11 లక్షలకు వచ్చినది. విద్యుత్తు కారుపై 5 అట్లే ఉన్నది. వెంటనే మన లెక్కలోని తేడా 96,000 నుండి రెండు లక్షల పదిహేను వేలకు పెరిగినది. ఉద్యోగి రెండేండ్ల అయిదు నెలలు ఆగవలెను. ఆదివారపు వాడు ఎనిమిదేండ్లు, అనగా బ్యాటరీ పూచీ తీరు దినము వరకు.

బ్యాటరీని అద్దెకు తీసికొన్నవాని సంగతి వేరు. మూడున్నర అద్దె, ఒక రూపాయి 17 పైసల కరెంటు కలిపి కిలోమీటరునకు 4 రూపాయల 67 పైసలు. మిగులు ఆరు కాదు, రెండున్నర. దానికి బదులుగా తలమీది బరువు కొంత దిగినది.

నూనె మార్పు లేదు, క్లచ్చి లేదు. కావున మరమ్మతులలో కొంత కలసివచ్చును. 2022 నుండి సొంత విద్యుత్తు కార్లకు థర్డు పార్టీ భీమాలో నూటికి 15 తగ్గింపు ఉన్నది. కారు బరువైనది గనుక టైర్లు త్వరగా అరుగును. అమ్మబోయినప్పుడు మాత్రము చిక్కు. పాత పెట్రోలు కారునకు వెల కట్టుట ప్రతి మేస్త్రీకి తెలియును. పాత బ్యాటరీలో ప్రాణమెంత ఉన్నదో కంటితో చూచి చెప్పగలవారు లేరు. కొనువాడు ఆ సందేహమును వెలలో తగ్గించుకొనును.

ఈ లెక్కలన్నియు సొంత గోడ, సొంత మీటరు, గోడ ప్రక్క కారు నిలుపు చోటు ఉన్నవానివి. ఇస్నాపురములో, పాశమైలారములో అద్దె గదులలో ఉండు కార్మికుల మాటేమి? రాత్రి తీగ పెట్టుటకు ఇంటి యజమాని ఒప్పుకొనడు. దారిప్రక్క వేగపు చార్జింగు నిలయములో యూనిట్టు ఇరువది రూపాయలనుకొన్నను కిలోమీటరునకు దగ్గర దగ్గర మూడు రూపాయలు. మిగులు నాలుగు చిల్లరకు పడిపోవును. నిలయమున గడపిన కాలము అదనము. పాల బండికి చెప్పిన మూడవ షరతు, రాత్రి తన చోటికి తాను చేరుట, ఇచ్చట తప్పినది. సొంత ఇల్లున్నవానికే ఈ పొదుపు అందుచున్నదనుట నాకు ఇబ్బందిగానే ఉన్నది, కాని లెక్క అట్లున్నది.

రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఈ చిక్కును తెలివిగా దాటినది. 2019లో విమానాశ్రయ మార్గములలో 40 విద్యుత్తు బస్సులను ప్రవేశపెట్టినప్పుడు బస్సులను తాను కొనలేదు. బస్సు, బ్యాటరీ కంపెనీవి; సంస్థ కిలోమీటరునకు ఇంత అని చెల్లించును. డిపోలలో ఆ బస్సులు రాత్రి నిండి, ఉదయము నిర్ణీత మార్గమున పోవును. హార్ట్‌ఫర్డు అద్దెయు, పాల బండి దారియు అందు కలిసినవి.

యజమాని పుస్తకములోనికి ఎక్కని ఖర్చు గూర్చి ఈ ప్రాంతము వారికి ఇతరులు చెప్పనక్కరలేదు. కర్మాగారముల లాభనష్టముల పట్టికలలో కానరాని ఖర్చును నక్కవాగు మోసినది. దానిపై 1990లోనే సుప్రీముకోర్టు వరకు పోయిరి. బ్యాటరీ చచ్చిన పిదప అది ఏ వాగు గట్టున పడును? 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములు పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను తయారీదారులపై ఉంచినవి. ఎనిమిదేండ్ల పూచీ లెక్కన, 2020 తరువాత కొన్న కార్ల బ్యాటరీలు గుట్టలుగా వచ్చు కాలము 2028 మొదలు.

ఆ పాల బండి షరతులు మూడును సరిగా కుదిరినది మన దారిపై కారునకు కాదు, ఆటోకు. పటాన్‌చెరు, ఇస్నాపురముల నడుమ షేరు ఆటో దినమంతయు అదే దారిని తిరుగును. ఏడాదికి ముప్పది వేల కిలోమీటర్లు తిరుగువానికి కిలోమీటరునకు రెండు రూపాయలు మిగిలినను అరువది వేలు. కాని పాత బండి అమ్మకపు సందేహము వలన అప్పిచ్చువారు అతనివద్ద ఎక్కువ వడ్డీ అడుగుచున్నారు. కారు కొను ఉద్యోగికి దొరకు తొమ్మిది వడ్డీ ఆటోవానికి దొరకుట లేదు. ఎక్కువ తిరిగి ఎక్కువ మిగిల్చుకొనవలసినవానికే అప్పు ప్రియమైనది.

రహదారి పన్ను ఉత్తర్వులోని గడువు 2026 డిసెంబరు 31. ఆ మినహాయింపు లేని నాడు, 2022 లెక్కనే కట్టవలసి వచ్చినచో, 15 లక్షల విద్యుత్తు కారునకు రెండు లక్షల యాభై అయిదు వేలు పన్ను పడును. కిలోమీటరునకు ఆరు రూపాయల మిగులుతో దానిని పూడ్చుటకు 42,500 కిలోమీటర్లు నడపవలెను. నెలకు 1,250 కిలోమీటర్ల ఉద్యోగికి అది రెండేండ్ల పది నెలలు.